రెండు రోజులు, పదహారు నిమిషాలు

నా చిన్నప్పుడు, నవంబరు రెండవ తేదీన, జగ్గయ్యపేటలోని మా కథోలిక గుడి గడప పొద్దుటినుంచి సాయంత్రందాకా ఖాళీగా ఉండేది కాదు. లోపలికి వెళ్ళినవారు మోకరించి జపాలు చెప్పి బయటికి వచ్చేవారు. బయటికి వచ్చినవారు మెట్లు దిగి, నేలమీద కాలు మోపి, వెంటనే మళ్ళీ లోపలికి వెళ్ళేవారు. తెలియనివారికి అదేదో పిల్లల ఆటలా కనిపించేది. ఆ ఆచారాన్ని కళ్ళారా చూసినవారు ఇప్పుడు మా వైపు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే ఉన్నారు. ఈ మధ్య మా గుడిలో పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పే ఒక అమ్మాయి వచ్చి దానిని గురించి నన్ను అడిగింది. ఆచారం ఏమిటో చెప్పాను. ఆ రోజున నాకు జరిగింది మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, సగం జవాబుకు సగం మార్కులకు మించి ఎన్నడూ వేయనివాణ్ణి. ఆ అమ్మాయికి నేను చెప్పింది సగం జవాబు. మిగిలిన సగం, జరిగిన వరుసలోనే, ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందుగా మాకు నేర్పిన ఉపదేశం చెప్పాలి. మనిషి ప్రాణం విడిచిన క్షణంలోనే ఆత్మ ఒంటరిగా దేవుని ముందు నిలబడుతుంది. దానిని ప్రత్యేక తీర్పు అంటారు. లోకాంతంలో అందరి ఎదుటా జరిగే కడపటి తీర్పు వేరు. ఆత్మను చంపే చావైన పాపంతో, పశ్చాత్తాపం లేకుండా పోయినవారు నరకానికి పోతారు. ఏ మచ్చా లేనివారు నేరుగా మోక్షానికి చేరుకుంటారు. దేవుని స్నేహంలోనే కన్నుమూసినా ఇంకా కడుగవలసిన మరకలు మిగిలినవారు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతారు. అక్కడివారు తమకోసం తాము ఏమీ చేసుకోలేరు. భూమిమీద ఉన్న మన ప్రార్థనలే వారికి ఆసరా. నవంబరు రెండవ తేదీని మేము సమాధుల పండుగ అనేవాళ్ళం. గురువు చెవిలో పాపాలు ఒప్పుకుని, అంటే పాపసంకీర్తనం చేసి, పూజలో ఇచ్చే సత్ప్రసాదం పుచ్చుకున్నవారు ఆ రోజు గుడిలో ప్రవేశించి ఆరు పరలోక జపాలు, ఆరు మంగళవార్త జపాలు, ఆరు త్రిత్వ స్తోత్రాలు చెబితే ఒక ఆత్మకు పూర్తి విడుదల దొరుకుతుందని అప్పటి నియమం. బయటికి వెళ్ళి మళ్ళీ ప్రవేశిస్తే మరొకసారి ఆ ఫలం దొరికేది. ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చు.

ఈ నియమాలన్నీ నాకు నేర్పినవారు మా తాతయ్య. మా అమ్మకు తండ్రి. ఆయన ఉపదేశి, అంటే స్వామివారు (మా గుడి ఫాదరుగారిని అలాగే అనేవాళ్ళం) రాలేని పల్లెల్లో ప్రార్థనలు చెప్పించి, పిల్లలకు వేదసత్యాలు నేర్పి, జబ్బుపడినవారిని కనిపెట్టి స్వామివారికి కబురు చేసే పెద్దమనిషి. పేటకు రెండు మైళ్ళు ఇవతల, హైదరాబాదు రోడ్డు పక్కన ఉన్న ఊళ్ళో ఆయన ఇల్లు. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. తాతయ్య జేబులో గొలుసు గడియారం ఉండేది. సాయంత్రం ప్రార్థన ఆరున్నరంటే ఆరున్నరకే మొదలయ్యేది. ఆలస్యంగా వచ్చినవారు గోడవారగా నిలబడవలసిందే.

ఆయనకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం ఒకటుండేది. జబ్బు ముదిరినవారి దగ్గరికి స్వామివారు వచ్చి, నుదుటిమీద, చేతులమీద పవిత్ర తైలం పూసి చేసే సంస్కారాన్ని అవస్థాభ్యంగనం అంటారు. రోగికి బలాన్నీ పాపక్షమనూ ఇవ్వడానికి ఏర్పడిన సంస్కారం అది. మా పల్లెల్లో దానిని చావు కబురుగా చూసేవారు. తైలం సీసా గడప దాటితే ఇక మనిషి లేవడని నమ్మకం. అందువల్ల రోగికి స్పృహ తప్పేదాకా, గుక్క తిరగకుండా పోయేదాకా స్వామివారిని పిలిచేవారు కారు. తాతయ్య ఆ ఇళ్ళకు వెళ్ళి మనుషులను నిలబెట్టి అడిగేవారు. "స్వామిని పిలవడానికి చావుకోసం కాచుకుని కూర్చుంటారా? ఆయనేమన్నా పాడె కట్టడానికి వస్తాడా?" అని ఆయన గద్దించడం నేను స్వయంగా రెండు మూడు ఇళ్ళలో విన్నాను.

మా నాన్న నందిగామలో ఒక వేరుసెనగ మిల్లులో గుమాస్తా. మేము అక్కడే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పదో ఏడు నడుస్తున్న వేసవి సెలవుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. వచ్చిన వారానికి ఆమెకు టైఫాయిడు జ్వరం పట్టుకుంది. మూడో వారంలో, ఒక శుక్రవారం పొద్దున, ఆమెకు మాట పడిపోయింది. నాన్నకు నందిగామ కబురు వెళ్ళింది. తాతయ్య మంచం పక్కనుంచి లేవకుండానే నన్ను పిలిచి, పేటకు వెళ్ళి స్వామివారిని తైలంతో సహా వెంటనే రమ్మని చెప్పమన్నారు. నేను పరుగెత్తాను.

ఆ రోజుల్లో ఆ రోడ్డుకు కొత్తగా తారు వేస్తున్నారు. సగం దారిలో పీపాల కింద మంటలు పెట్టి తారు కాస్తున్నారు. కంకరమీద రోడ్డు రోలరు ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. అంత బరువైన యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు. దాని చక్రం కింద రాళ్ళు నలిగే చప్పుడు నా అరికాళ్ళకు తెలిసేది. నేను ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు. ఆ తరువాత పరుగెత్తి వెళ్ళి చెప్పాను. ఇటలీనుంచి వచ్చి మా దగ్గరే ముసలివారైన స్వామివారు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. సైకిలు ఎక్కి నాకంటే ముందే ఇంటికి చేరారు.

నేను రొప్పుతూ వాకిట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది. స్వామివారు లోపల ఉన్నారు. వెచ్చదనం ఇంకా పోని శరీరానికి ఆయన, "నీవు బ్రతికి ఉంటే" అనే షరతును లతీను భాషలో చేర్చి, తైలం పూశారు. ప్రాణం ఎప్పుడు పూర్తిగా పోతుందో మనుషులకు తెలియదు కనుక అలా చేయడం కథోలిక తిరుసభ పద్ధతే. అది నాకు తరువాత తెలిసింది. అప్పుడు నా చెవిన పడింది పక్కింటి అత్త మాట ఒక్కటే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ పక్కనున్నావిడతో అంది: "ఒక్క పావుగంట ముందొచ్చుంటే తైలం దక్కేది పిల్లకి."

ఆమె నన్ను చూడలేదు. ఆమెకు రోలరు సంగతీ తెలియదు. ఆ మాటకు ఆమె బాధ్యురాలు కాదు.

అంత్యక్రియలైన తరువాత నాన్న ఒక్కరే నందిగామ వెళ్ళిపోయారు. వండిపెట్టేవారు లేరు కాబట్టి నేను తాతయ్య దగ్గరే ఉండి పేటలో చదువుకోవాలని నిర్ణయించారు. నెలకోసారి బస్సులో వచ్చి, ఒక పూట ఉండి, నా తల నిమిరి వెళ్ళేవారు. నాకు మాత్రం మరో కారణం తోచింది. నేను రోలరు దగ్గర ఆగిన సంగతి ఆయనకు తెలిసిపోయిందని, అందుకే నన్ను తీసుకుపోవడం లేదని నమ్మాను. ఇంట్లో తాతయ్యా నేనూ ఇద్దరమే. ఆయన వంట చేసేవారు, నేను నీళ్ళు తోడేవాణ్ణి. భోజనానికి ముందు ఆయన ప్రార్థన మొదలుపెడితే నేను ముగించేవాణ్ణి. ఆ రెండు గొంతులు తప్ప ఇంట్లో మరో చప్పుడు ఉండని రోజులు అనేకం. అమ్మ పేరు ఆయన ఎత్తేవారు కారు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు.

ఉత్తరించు స్థలంలో మంట ఎలా ఉంటుందో మాకు ఎవరూ బొమ్మ గీసి చూపలేదు. నాకు బొమ్మ అవసరం లేకపోయింది. తారు పీపాల కింది మంటను చూసి ఉన్నాను. బడికి పోతూ వస్తూ ఆ చోట మట్టిమీద మిగిలిన నల్లమచ్చలు దాటేటప్పుడు, అమ్మ ఎక్కడుందో అక్కడ నేను ఉంచానని అనుకునేవాణ్ణి. నాకు తీర్పు జరిగే రోజున, దేవుడు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదేనని కూడా అనుకునేవాణ్ణి. ఈ మాట చెప్పుకోవడానికి ఆ వయసులో నాకెవరూ లేరు.

సమాధుల పండుగకు ముందు పాపసంకీర్తనానికి వెళ్ళాను. అక్కడ నేను చేసిన పని చెప్పవలసిందే. "చెప్పిన పని ఆలస్యంగా చేశాను స్వామీ" అన్నాను. అది అబద్ధం కాదు. స్వామివారు మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తంగా వేసి దీవించారు. మూడు జపాలు! సిరా ఒలకబోసినవాడికీ అంతే వేసేవారు. నేను మాటను తగ్గించి చెప్పాను కాబట్టి ఆయన తగ్గించి తూచారని నాకు తెలుసు. కాని మళ్ళీ వెళ్ళి చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ లోటును సమాధుల పండుగ నాడు గుడి గడప తొక్కి పూడ్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఆ రోజు తెల్లవారుజామునే తాతయ్యా నేనూ అన్నం మూట కట్టుకుని బయలుదేరాం. పూజ అయింది. అందరూ సమాధుల దొడ్డికి వెళ్ళి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. అమ్మ సమాధి ఇంకా మట్టి దిబ్బే. తాతయ్య దానిమీద మొలిచిన గడ్డి పీకి, చేతులు దులుపుకుని, గుడివైపు నడిచారు. ఆపైన గుడి ముందు సందడి మొదలైంది. నా తరగతివాడొకడు మెట్లమీద కూర్చుని గొప్పగా ప్రకటించాడు.

"మా ముత్తాతదాకా అందర్నీ పంపేశా. ఇంక మా ఇంట్లో పోయినోళ్ళెవరూ మిగల్లేదు. మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే చెప్పండ్రా."

"మా మేనమామకి రెండుసార్లు చెప్పా," అన్నాడు ఇంకొకడు. "తాగేవాడుగా. ఒక్కసారికి తెమలడు."

పెద్దవాళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. లోపలికి వెళ్ళి అమ్మ పేరు చెప్పి జపాలు మొదలుపెట్టాను. నాలుగో పరలోక జపం దగ్గర రోలరు కళ్ళముందుకు వచ్చింది. పరధ్యానంతో చెప్పిన జపం చెల్లదని తాతయ్యే నేర్పారు. బయటికి వచ్చి మళ్ళీ ప్రవేశించాను. ఈసారి రెండో జపానికే వచ్చింది. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. ఎండ నెత్తిమీదికి ఎక్కింది. మెట్లమీదివాళ్ళు అన్నాలకు లేచారు. పక్కింటి అత్త నన్ను గడపలో పట్టుకుని, "ఏవయ్యా, పొద్దుణ్ణించీ గడప అరగదీస్తున్నావు. కాసింత తిని అరగదియ్యి," అంది. నేను చేయి విడిపించుకుని లోపలికి పోయాను.

అప్పుడు గమనించాను. పక్క వాకిలినుంచి తాతయ్య కూడా వచ్చి పోతున్నారు. వెనక వరుసలో, స్తంభం పక్కన, కష్టంమీద మోకాళ్ళు వంచుతున్నారు. జపాలు ముగించి, స్తంభం పట్టుకుని లేచి, బయటికి వెళ్ళి, మళ్ళీ వస్తున్నారు. నేను ఒకసారి ఆ స్తంభానికి ఇవతలగా మోకరించాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. జపాలకు ముందు ఏ ఆత్మకోసమో పేరు చెప్పుకోవడం పద్ధతి. ఆయన చెప్పింది అమ్మను చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన ముద్దుపేరు. తరువాతి సారీ అదే పేరు. ఆ తరువాతి సారీ అదే.

ఒక్క ప్రవేశానికి ఒక ఆత్మ విడుదలవుతుందని నాకు నేర్పిన మనిషి, ఒక్క ఆత్మకోసం ఇన్నిసార్లు వచ్చిపోతున్నాడంటే, అమ్మ ఎంత లోతున ఉండి ఉండాలి? అంత లోతున ఉండడానికి కారణం ఆయనకు తెలిసే ఉండాలి. ఆ పిల్లవాడి తర్కం అలా నడిచింది. ఈనాటి నా బుద్ధితో చూసినా అందులో వరుస తప్పలేదు. మొదటి మెట్టే తప్పు.

పొద్దు వాలుతుండగా గుడి ప్రహరీ నీడలో తాతయ్య అన్నం మూట విప్పి నన్ను పిలిచారు. ఇద్దరం చెరో సగం పెట్టుకున్నాం. నేను ముద్ద ఎత్తలేక అడిగాను.

"తాతయ్యా, అమ్మకి ఒక్కసారి చాలదా?"

"నియమం ప్రకారం చాలు."

"మరి నువ్వు అన్నిసార్లు ఎందుకెళ్ళావు?"

"నువ్వెన్నిసార్లు వెళ్ళావు?" అన్నారు.

"పదకొండు."

"ఎందుకు?"

చెప్పాను. రోలరు, తారు పీపాలు, పావుగంట మాట, స్వామివారికి తగ్గించి చెప్పిన మాట, అన్నీ చెప్పాను. నేను ముగించాక, జ్ఞానోపదేశం తరగతిలో అడిగినట్టు నిదానంగా అడిగారు. "మరిచిపోయి ఆగావా, తెలిసి ఆగావా?"

"ముందు మరిచిపోయా. తర్వాత గుర్తొచ్చింది. ఇంకొక్కసారి వెనక్కి వచ్చిందాకా చూద్దామని ఆగా."

"అన్నం తిను," అన్నారు. తిన్నాను. ఆయన చేయి కడుక్కుని, ఉత్తరీయం భుజాన వేసుకుని, ఇంటిదారి పట్టారు. సగం దారిలో, నేను ఆగిన చోటు చూపించమన్నారు. చూపించాను. రోడ్డు నల్లగా, నున్నగా ఉంది. రోలరు ఎప్పుడో మరో ఊరు దాటిపోయింది. పీపాలు లేవు, కూలీలు లేరు. అటూ ఇటూ కోతకు రాని చేలు. ఆయన గొలుసు గడియారం తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"ఆ రోజు నిలబడినట్టే నిలబడు. అప్పుడెప్పుడు కదిలావో ఇప్పుడూ అప్పుడే కదులు. నేను మాట్లాడను."

నేను ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా ఏమీ లేదు. లేని రోలరును నా మనసులో ముందుకు నడిపించాను, వెనక్కి తెచ్చాను. అది ఎక్కడ ఆగి పొగ వదిలిందో, డ్రైవరు ఎక్కడ దిగి నీళ్ళు తాగాడో, అన్నీ వరుసగా గుర్తుకు వచ్చాయి. ఒక నందిగామ బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి ఎవరో వింతగా చూశారు. చివరిసారి రోలరును వెనక్కి తెచ్చి, అడుగు కదిపాను.

తాతయ్య గడియారం చూశారు. "పదహారు నిమిషాలు," అన్నారు.

పావుగంట అంటే పదిహేను. ఒక్క నిమిషం ఎక్కువ. ఆ సంగతి నేను పైకి కూడా అన్నాను. ఆయన "అవును" అన్నారు. అంతకుమించి ఏ ఊరటా చెప్పలేదు. పక్కనున్న మైలురాయిమీద కూర్చుని, కర్ర మోకాళ్ళకు ఆనించుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టుకున్నారు.

"ఇప్పుడు నా సంగతి విను. బుధవారం పొద్దున్నే కాంపౌండరు నన్ను బయటికి పిలిచి, ఇక లాభం లేదు పెద్దాయనా అన్నాడు. గురువారం మీ అమ్మే అడిగింది, నాన్నా, స్వామిని పిలిపించు అని. నీకేం కాలేదు, పడుకోమన్నా. సాయంత్రం మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాటన్నా. మాట పడిపోయాక నిన్ను పంపా."

"ఎందుకు పిలవలేదు తాతయ్యా?"

"తైలం చూసి అది భయపడుతుందనుకున్నా." మోకాళ్ళకు ఆనిన కర్రను చూస్తూ, "అది కాదులే. నేనే భయపడ్డా," అన్నారు.

ఇళ్ళ వెంట తిరిగి మనుషులను గద్దించిన మా తాతయ్య, పదేళ్ళ పిల్లవాడి ముందు తలవంచుకుని ఉండడం చూసి నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆయనే తల ఎత్తారు.

"నీవి పదహారు నిమిషాలు. కాదనను. నావి రెండు రోజులు. దేవుడు మనిద్దర్నీ కలిపి నిలబెట్టి అడగడు. నీవి నిన్నడుగుతాడు, నావి నన్నడుగుతాడు. నావి నువ్వు మోస్తానంటే ఆయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను."

"మరి అమ్మని?"

"మన ఆలస్యానికి అమ్మనెందుకు అడుగుతాడు? రెండుసార్లు అడిగింది. నోరు తెరిచి అడిగింది. అడిగినదాన్ని పుచ్చుకున్నట్టే ఎంచుతాడు. ఆ విషయంలో నాకు సందేహం లేదు."

"సందేహం లేకపోతే మళ్ళీ మళ్ళీ ఎందుకెళ్ళావు?"

"దానికోసం ఒకసారే వెళ్ళా. మిగతావన్నీ, ఇంటికెళ్తే చెయ్యడానికేమీ లేక."

ఆ జవాబు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన లేచి, రేపే స్వామివారి దగ్గరికి వెళ్ళి రోలరు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. ఆయన తన రెండు రోజుల సంగతి చెప్పారా అని అడిగాను. ఆ శుక్రవారం సాయంత్రమే చెప్పానన్నారు. ఏం ప్రాయశ్చిత్తం వేశారని అడిగాను. "అది అడగకూడదు," అన్నారు, మామూలు ఉపదేశి గొంతుతో. ఇంటి మలుపు దగ్గర నేను, తాతయ్యకోసం కూడా ఒకసారి గుడికి వెళ్ళి చెప్పవచ్చా అన్నాను. "బతికున్నవాళ్ళకి చెల్లదు. పోయాక చెప్పు," అన్నారు.

మరునాడు వెళ్ళి చెప్పాను. స్వామివారు చాలాసేపు విని, ఈసారి జపమాల మొత్తం వేశారు. ఆ ప్రాయశ్చిత్తం బరువు నాకు హాయిగా తోచింది, ఎందుకంటే అది నా తప్పుకు సరిపోయేటంత ఉంది.

తాతయ్య ఆ రోజు చేసిన పనిని నేను చాలా ఏళ్ళు తిప్పి తిప్పి చూశాను. గడియారం ఆయన చేతిలో ఉంది. ముల్లు ఎక్కడుందో నాకు కనిపించలేదు. "పది నిమిషాలే" అని ఉంటే ఆ పూటకు నా ఏడుపు తీరిపోయేది. కాని ఆయన నా తప్పును తగ్గించి ఉంటే, తరువాత చెప్పిన ఏ మాటనూ నేను నమ్మేవాణ్ణి కాను, అమ్మ గురించి చెప్పినదానిని అసలే నమ్మేవాణ్ణి కాను. అమ్మ రెండుసార్లు అడిగిందని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అది నాకు తెలిస్తేనే అమ్మ విషయంలో నా భయం పోతుంది. నాకు తెలియాలంటే ఆయన తన రెండు రోజులనూ నా ముందు విప్పి చూపించాలి. తన మనవడి దృష్టిలో తాను ఏమవుతారో తెలిసీ, విప్పి చూపించారు.

ఆ తరువాత మా ఇద్దరి మధ్య మాటలు పెరిగాయని రాస్తే చదివేవారికి తృప్తిగా ఉండవచ్చు. పెరగలేదు. ఎవరి తప్పు వారిదని తేలిన ఇంట్లో ఎవరి మౌనం వారిదే అవుతుంది. మా నాన్నకు ఈ సంగతి ఇద్దరమూ చెప్పలేదు. ఆయన తెలియకుండానే పోయారు. ఆ దాపరికంలో నా పాలు ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

అరవయ్యవ దశకం చివర, నేను నందిగామలో కొత్తగా ఉపాధ్యాయుడిగా చేరిన రోజుల్లో, తాతయ్య కన్నుమూశారు. స్వామివారు మూడు రోజుల ముందే వచ్చి తైలం పూశారు; తాతయ్యే పిలిపించుకున్నారు. ఆయన పోయేనాటికి ఆచారం మారింది. ఆ రోజున ఎన్నిసార్లు గుడికి వెళ్ళినా ఆ ఫలం ఒక్కసారే దొరుకుతుందని కొత్త నియమం వచ్చింది. కొత్త నియమమే సబబని నా బుద్ధి ఒప్పుకుంది. అయినా, ఆయనకోసం ఒక్కసారి లోపలికి వెళ్ళి, ఒక్కసారి బయటికి వచ్చి, మెట్ల కింద నిలబడ్డప్పుడు, ఇంటికి వెళ్ళి చేయడానికి ఏమీ లేకపోవడమంటే ఏమిటో తెలిసింది.

నా భార్య చివరి జబ్బులో నేను ఆలస్యం చేయలేదు. డాక్టరుగారు మాట చెప్పిన గంటలోపే కబురు పంపాను. స్వామివారు తైలం సీసా తీయడం చూసి ఆమె ముఖం మారింది. నావైపు చూసింది. నేను సరైన పనే చేశాను. ఆ చూపు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. తాతయ్య ఆ రెండు రోజులు దేనినుంచి తప్పించుకు తిరిగారో ఆ క్షణంలో చూశాను. ఆయన తప్పు దానివల్ల తగ్గదు. ఆయన మాత్రం నాకు ఇంకాస్త దగ్గరయ్యారు.

ఆ సమాధుల పండుగ రోజునుంచి నేను మోస్తున్నది ఇదే. బడిలో ముప్పై ఏళ్ళలో ఏ రోజూ తరగతినంతటినీ కలిపి శిక్షించలేదు. కిటికీ పగిలితే, ఎవరు రాయి విసిరారు, ఎవరు ఉసిగొల్పారు, ఎవరు చూసి చెప్పలేదు అని విడివిడిగా అడిగి, విడివిడిగా తూచేవాణ్ణి. పిల్లలు నన్ను కఠినుడన్నారు. ఒక్క పిల్లవాడు కూడా వేరొకరి తప్పు మోసుకుంటూ ఇంటికి పోలేదని మాత్రం చెప్పగలను. నా తీర్పు రోజు ఎంతో దూరంలో లేదు. ఒంటరిగానే నిలబడాలి. పదహారు నిమిషాలు అడిగితే పదహారే చెబుతాను, పదిహేను అనను.

ఇందులో జపాల సంఖ్యలోగాని, నియమం మారిన కాలంలోగాని, వేదసత్యాన్ని చెప్పిన తీరులోగాని పొరపాట్లు ఉంటే తెలిసినవారు నిర్మొహమాటంగా సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. అంతకంటే ముఖ్యంగా మరొక మనవి. మా తాతయ్యను ఎరిగిన వృద్ధులు పేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఒకరిద్దరు ఉండవచ్చు. రాస్తున్న చేయి నాది కాబట్టి, నాకు తెలియకుండానే తప్పులో ఆయన పాలు పెంచి, నా పాలు తగ్గించి రాసి ఉంటే, దయచేసి నాకు చెప్పండి. నేను ఉండగానే దిద్దుకుంటాను.